పరాయి మట్టి మీద పాదాలు

మంత్రిగారిని గడ్డం సరిచేయించుకుంటున్న కుర్చీలోనే కాల్చేశారు. తూటా కిటికీలోంచి వచ్చింది, పేల్చినవాడు దొరకలేదు. బార్బర్ బతికిపోయాడు గానీ, చేతిలో కత్తి ఇంకా వదలడం లేదు.

"మధ్యాహ్నానికి నువ్వే మంత్రివి," అన్నాడు చీఫ్.

ఎదురుగా ఉన్న ఏజెంట్ అప్పటికే గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఒక్కచోట కుదురుగా ఉండలేడని అతన్ని అందరూ బొంగరం అంటారు. ఆ పేరు పెట్టింది కన్నతల్లే. ఆవిడ సొంత తమ్ముడే ఈ చీఫ్.

"ఈసారి ఏం దూకాలి మామయ్యా? గోడా, రైలా?"

"ఆఫీసులో చీఫ్ అనమని చెప్పానుగా! ఏమీ దూకక్కర్లేదు. కూర్చోవాలి. అంతే."

బొంగరం మొహం వాడిపోయింది.

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. సరిహద్దులో కొండదేశం సైన్యం సిద్ధంగా ఉంది. ఈ రోజు సంధి కుదరకపోతే యుద్ధమే. మంత్రి పోయాడని తెలిస్తే కొండదూత చర్చలు వదిలి లేచిపోతాడు. కాబట్టి ఆ గడ్డం, ఆ కళ్లజోడు, ఆ గొంతు బొంగరానివి కావాలి.

"దొంగ మంత్రి సంతకం చెల్లుతుందా?"

"చట్టం మట్టిని చూస్తుందిరా, మొహాన్ని కాదు."

అది నిజం. ఆ లోకంలో ఐదు ప్రభుత్వాలూ ఒప్పుకునే విషయం ఒక్కటే ఉంది. కాళ్ల కింద సొంత దేశపు మట్టి లేకుండా అన్న మాట చెల్లదు. అందుకే ప్రతి దూతా ఇంటి నుంచి పళ్లెం నిండా మట్టి తెచ్చుకుంటాడు. చెప్పులు గుమ్మం లోపల విడిచి, పాదాలు ఆ మట్టిలో పెట్టి మాట్లాడతాడు. సంతకాలయ్యేదాకా తలుపులు తెరవరు.

"ఇంకోటి," అన్నాడు చీఫ్. "పొరపాటున పరాయి మట్టి తొక్కితే కదలకూడదు. ఆ దేశం దూతే వట్టి కాళ్లతో వచ్చి, ఆ మట్టిలో పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుని దింపాలి. నీ తిక్క తిరుగుళ్లతో పక్కవాళ్ల పళ్లెంలో పడకు."

హాల్లోకి అడుగుపెట్టగానే వెనకాల ఇనుప గడియలు పడ్డాయి. గోడలు ఎంత మందమంటే గడ్డంలో దాచిన రేడియో గుర్రుమని ఊరుకుంది. కిటికీల్లేవు. బొంగరం కుర్చీలో కూర్చుని పాదాలు తన దేశపు ఎర్రమట్టిలో పెట్టాడు.

క్లిక్.

పాదాల కింద ఏదో నొక్కుకుంది. పక్కనే దుబాసీ వంగింది. నల్ల పట్టు గౌను, చెవులకు పచ్చలు, అడుగు తీసి అడుగేస్తే నలుగురు దూతల మెడలు తిరిగే అందం. ఆమె బొంగరం దేశానికి గూఢచారి. కొండదేశానికీ గూఢచారే. ఏ రోజు ఎవరి పక్షమో ఆమెకే తెలియాలి.

"ఈ ఏడు వాన తొందరగా వచ్చింది," అంది కోడ్ మాట.

"గొడుగు ఇంట్లోనే ఉంది," అన్నాడు పెదవులు కదపకుండా.

"కాళ్లు ఎత్తకండి. ప్రెషర్ స్విచ్. ఎత్తితే హాలంతా లేచిపోతుంది. ఎత్తకపోయినా లోపల గడియారం ఉంది. పెద్దవాడు కాబట్టి కొండదూత మొదట సంతకం పెట్టి, అందరి సంతకాలయ్యాక మొదట బయటికెళ్తాడు. ఆ తర్వాత మనం ఉండం."

"మరి నువ్వు?"

"నన్ను ముందే బయటికి పంపిస్తామన్నారు." ఆమె మూసిన తలుపుల వైపు చూసింది. "నన్నూ చచ్చేవాళ్లలో కలిపేశారు."

"ఆపడం ఎలా?"

"తాళంచెవి కొండదూత ఉంగరంలో ఉంది. మీరు అరిస్తే ఒప్పుకోడు. ఆ గందరగోళంలో ఎవరో ఒకరు మిమ్మల్ని లాగేస్తారు."

చర్చ మొదలైంది. బొంగరం అరికాళ్లకు టిక్కు టిక్కు తగులుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఇంతసేపు కదలకుండా ఉన్నది లేదు. మోకాలు దురద పెట్టింది. పిక్క పట్టేసింది. భయం వేసింది, బాగా వేసింది. కాలు కాలిన పిల్లిలా తిరిగే మనిషికి కాళ్లే కట్టేస్తే ఎలా ఉంటుందో శత్రువు తెలిసే చేశాడా అనిపించింది.

కొండదూత నవ్వుతూ కలం అందుకున్నాడు.

బొంగరం పాదాలు చెమట పట్టాయి. వేళ్ల సందున ఎరుపు జారింది. అతను తల వంచి చూశాడు. అది మట్టి రంగు కాదు, ఇటుకపొడి. దాని కింద జిగట నల్లమట్టి. బాంబు చేసినవాడు కొండదేశంలో కూర్చుని చేశాడు, చేతికందిన మట్టి నింపి పైన పొడి చల్లాడు. వట్టి కాళ్లతో గంటలు కూర్చునే మంత్రికి చెమట పడుతుందని అతనికి తోచలేదు.

"ఆగండి!" మంత్రి గొంతుతో గర్జించాడు బొంగరం. "ఇది నా మట్టి కాదు. నల్లమట్టి. కొండదేశానిది!"

హాలంతా గగ్గోలైంది. తీరదేశపు దూత, లావుపాటి ముసలమ్మ, వంగి చిటికెడు తీసి నలిపింది. "అవును. వీళ్లదే. వెళ్లవయ్యా, వెళ్లి దింపు ఆయన్ని."

"నాకు... మోకాళ్ల నొప్పులు," అన్నాడు కొండదూత.

"నా నొప్పుల ముందు నీవెంత! లే!"

తప్పుకునే దారి లేదు. నిరాకరిస్తే సొంత మట్టిని కాదన్నట్టే, అంతకంటే రాజద్రోహం వేరే లేదు. భటులు అతని చెప్పులు విప్పి తీసుకొచ్చి పళ్లెంలో నిలబెట్టారు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. బొంగరం ఆ చెయ్యి ఉడుంపట్టు పట్టాడు.

"దింపండి దూతగారూ," అంటూ ఒక మడమ కొంచెం ఎత్తాడు.

"వద్దు! ఎత్తొద్దు!"

కొండదూత మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఉంగరం తిప్పి, సన్నని తాళంచెవి లాగి పళ్లెం మూలకు గుచ్చాడు. టిక్కు ఆగింది. మోకాళ్ల నొప్పుల సంగతి ఎవరికీ గుర్తులేదు.

అతన్ని భటులు పట్టుకున్నారు. అతని సహాయకుడు కిక్కురుమనకుండా సంతకం పెట్టాడు. బొంగరానికి మట్టి కావాల్సి వస్తే, దుబాసీ గుమ్మం దగ్గరున్న అతని చెప్పులు తెచ్చి, అడుగున అంటుకున్న ఎర్రమట్టి గోకి అతని కాళ్ల కింద వేసింది. సంధి చెల్లింది.

తలుపులు తెరుచుకోగానే రేడియో బతికింది. "ఏంట్రా, ఇంకా బయటికి రాలేదు?"

"కాళ్లు తిమ్మిరెక్కాయి మామయ్యా. లేవలేకపోతున్నా."

జరిగిందంతా విన్నాక చీఫ్ గొంతు సవరించుకున్నాడు.

"బాంబు సంగతి మీ అమ్మకి నేను చెప్తాలే. నువ్వు పొద్దుగూకేదాకా కుదురుగా కూర్చున్నావని మాత్రం చెప్పను. మా అక్క నమ్మదు."