పదింటికి చన్నీళ్లు

అణు కేంద్రం ల్యాబ్ అధిపతిని ఉదయం తొమ్మిదింటికి లిఫ్టులో కాల్చి చంపారు. ముప్పావుగంటకి ఏజెంట్ ‘పిచ్చుక’ చెవిలోని రిసీవర్ పలికింది.

“విదేశీ ముఠా పనే. పదింటికి రియాక్టర్‌లోకి చన్నీళ్లు వదిలే ఎమర్జెన్సీ కూలింగ్ టెస్ట్. ఏం చేయబోతున్నారో తెలీదు. ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్‌ని కలువు. ల్యాబ్‌లోనే ఉంది. కోడ్, ‘వాన ఎప్పుడు?’”

నెల రోజులుగా అక్కడ పెయింటర్ వేషంలో ఉన్న పిచ్చుక, బకెట్‌తోనే ల్యాబ్‌కి పరుగెత్తాడు. మందపాటి అద్దం ముందు తెల్లకోటులో ఒక అందగత్తె. లోహశాస్త్రవేత్త.

“వాన ఎప్పుడు?”

“నిన్ననే.” ఆమె అతని వైపు తిరిగింది. “నా వల్లే ఆయన పోయాడు. ముక్క మార్చింది నేనే.”

“ఏ ముక్క?”

“రియాక్టర్ వెసెల్‌ని, అంటే ఇంధనం ఉండే ఆ పెద్ద పాత్రని, ఏ మిశ్రలోహంతో చేశారో, ఆ లోహం ముక్క. ముప్ఫై ఏళ్లు లోపలే ఉండి రేడియేషన్ తింది. దాన్ని సుత్తితో కొట్టి వెసెల్ బలం లెక్కగడతాం. ముఠా నమ్మకం కోసం, వాళ్లు చెప్పినట్టే కొత్త ముక్క పెట్టి, వెసెల్ గట్టిగా ఉందని రిపోర్టు రాశాను. టెస్ట్ ఇవాళేనని తెలీదు. ఆయన కనిపెట్టేశాడు.”

అద్దం అవతలున్న యంత్రపు చేతులతో అసలు ముక్కని సుత్తి కింద పెట్టింది. సుత్తి ఊగింది. వంగాల్సిన లోహం బిస్కెట్‌లా పుటుక్కుమంది.

“పరమాణువులు చెల్లాచెదురయ్యాయి. వేడిగా ఉన్నంతసేపు ఓర్చుకుంటుంది. చన్నీళ్లు పడ్డాయో, నిలువునా చీలుతుంది!”

తొమ్మిదీ యాభై ఆరు. ఫోన్లు పనిచేయడం లేదు. రిసీవర్ మూగబోయింది. ఇద్దరూ కారిడార్లో పరుగెత్తారు.

కంట్రోల్ రూమ్ తలుపు దగ్గర గార్డు వేషంలోని హంతకుడు తుపాకీ తీశాడు. పిచ్చుక బకెట్‌లోని రంగు వాడి కళ్లలో కొట్టి తోసుకుపోయాడు. గురి తప్పిన గుండు అతని భుజాన్ని చీల్చింది.

లోపల చీఫ్ ఇంజనీర్ వేలు బటన్ మీదుంది. ఆయన పిచ్చుకకి సొంత మేనమామ. పనికిమాలిన మేనల్లుడికి పెయింటింగ్ పని ఇప్పించిందీ ఆయనే.

“మామయ్యా, ఆపు! వెసెల్ పగులుతుంది!”

“తాగొచ్చావట్రా? బయటికి పో!”

“సార్, ఆ రిపోర్టు అబద్ధం. రాసింది నేనే.” గుమ్మంలోంచి అందామె. అంతమంది ముందు ఆ మాటంటే ముఠా బతకనివ్వదని తెలిసే అంది.

గడియారంలో పదింటికి రెండు సెకన్లున్నాయి. ఆయన ఆమె ముఖం చూశాడు. మేనల్లుడి భుజం మీది నెత్తురు చూశాడు. వేలు వెనక్కి తీసేశాడు.

హంతకుడికి బేడీలు పడ్డాయి. ఆమెని కాపలాతో కారెక్కించారు. ఎక్కబోతూ ఆగి చీఫ్‌తో అంది: “వెసెల్‌ని మెల్లగా, వారం రోజులు వేడిచేయించండి సార్. పరమాణువులు చాలావరకు సర్దుకుంటాయి.” కారు వెళ్లిపోయింది. ఎక్కడికో పిచ్చుకకి కూడా చెప్పలేదు.

మేనమామ అతని భుజానికి కట్టు కట్టాడు.

“మీ అమ్మకేం చెప్పమంటావురా?”

“నిచ్చెన మీంచి జారిపడ్డానని చెప్పు మామయ్యా.”

“నమ్ముతుంది. నీ మీద మా అక్కకి ఆ నమ్మకం ఎప్పుడూ ఉంది.”