మూడుసార్లు తప్పు కొడితే

"మళ్లీ లాక్ పడ్డది సాబ్! జర వస్తరా?"

2006 వానాకాలంలో ప్రతి గురువారం పొద్దున పది దాటగానే ఇర్ఫాన్ సెల్‌ఫోన్‌లో ఈ మాటే వినబడేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఆ ఫోన్ వచ్చేదాకా అతనికి అన్నం సహించేది కాదు.

ఆ ఏడాది నాగర్‌కర్నూల్‌లో అనంతయ్య సేటు విత్తనాల కంపెనీ కంప్యూటర్లలోంచి ఎవరో డీలర్ల లిస్టంతా ఎత్తుకుపోయారు. వనపర్తిలో కంప్యూటర్ షాపు నడిపే ఇర్ఫాన్‌ను సేటు పిలిపించాడు. వచ్చి చూస్తే, డబ్బా అంత మానిటర్ మీద పాస్‌వర్డ్ చిట్టీ అంటించి ఉంది.

"ఇదేంది మేడమ్! తాళమేసి చెవి తలుపుకే తగిలిచ్చిండ్రు?"

"సేటుకు యాదికుండదు. అడిగినప్పుడల్లా ఎవరు చెప్పాలె?" అంది ఆపరేటర్ సుహానా, కీబోర్డు మీంచి కళ్లెత్తకుండా.

ఇర్ఫాన్ చిట్టీ పీకేశాడు. ఒక్కొక్కరికీ వేరే పాస్‌వర్డ్ పెట్టించాడు. మూడుసార్లు తప్పు కొడితే మిషన్ లాక్ అయ్యేటట్టు, మళ్లీ తనొచ్చి తీస్తేనే తెరుచుకునేటట్టు చేశాడు.

ఇక చూస్కోండి, ప్రతి గురువారం లాకే, సుహానా ఫోనే! వానలో బస్సు దిగి తడుస్తూ వచ్చేవాడు. సుహానా తువ్వాలు అందించి అల్లం చాయ్ తెప్పించేది. లాక్ తీయడానికి రెండు నిమిషాలు, చాయ్‌కి గంట. ఆ గంట కోసం అతను వారమంతా ఎదురుచూసేవాడు.

ఐదోసారి సేటుకు చిర్రెత్తింది. "మళ్లెవడో దూర చూస్తుండు. వాని పేరు నాకు కావాలె. మన ఆఫీసు మనిషైతే ఈ పొద్దే పనిలకెళ్లి తీసేస్త!"

ఎవరు ఎప్పుడు ఏం కొట్టారో కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది. ఇర్ఫాన్ ఆ లాగ్ తీసి చూశాడు. ఐదు గురువారాలు, సరిగ్గా పదింటికి, సుహానా కుర్చీలో ఉండే వేళకే, ఆమె మిషన్ మీదే మూడు తప్పులు. ఆ లిస్టు ఎత్తుకుపోయింది కూడా ఈ పిల్లేనా?

"పాస్‌వర్డ్ మర్చిపోతున్నరా?" అన్నాడు మెల్లగా.

"మర్చిపోలే. కావాలెనే తప్పు కొట్టిన."

"ఎందుకు?"

సుహానా దుపట్టా కొసను వేలికి చుట్టుకుంది. "గురువారం మీ షాపు బంద్ అన్నరు గద. లాక్ పడకపోతే మీరెందుకొస్తరు?"

ఇర్ఫాన్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. మరుక్షణం భయమేసింది. పేరు చెబితే ఆమె ఉద్యోగం పోతుంది. నేరుగా సేటు గదిలోకి వెళ్లాడు.

"ఇప్పుడు దూరేటోడు ఎవడూ లేడు సేటు. అప్పుడు లిస్టు పోయింది ఆ చిట్టీ వల్ల. ఈ లాక్ తప్పు నాది. తీసే పని నా ఒక్కని చేతులనే పెట్టుకున్న. ఇగ మీరే తీసుకోండ్రి, నేర్పిస్త."

సేటు అరగంటలో నేర్చుకున్నాడు. బయట సుహానా మొహం వాడిపోయింది. "అయితే ఇగ రారా?"

"లాక్ పడ్డదని రాను," అన్నాడు ఇర్ఫాన్ సంచి భుజానేసుకుంటూ. "వచ్చే గురువారం మీ ఇంటికొస్త. మా అమ్మీని తీసుకొని."

ఆ రోజు ఆమె చాయ్ తాగడమే మర్చిపోయింది.

నిఖా నాడూ వానే. పరదా అవతల సుహానాను ఈ పెళ్లి ఒప్పుకుంటున్నావా అని ఆనవాయితీ ప్రకారం మూడుసార్లు అడిగారు. ఇవతల మొహం మీద వేలాడే పూల సెహ్రా వెనక ఇర్ఫాన్ చెవులు రిక్కించాడు. ఈ పిల్లను నమ్మలేం కదా!

"ఖుబూల్." "ఖుబూల్." "ఖుబూల్."

తర్వాత జల్వా తంతులో, ఇద్దరి మధ్యా పెట్టిన అద్దంలో మొదటిసారి భార్యగా ఆమె మొహం చూశాడు. అద్దంలోంచే ఆమె గుసగుసలాడింది.

"ఈసారి మూడూ కరెక్టే కొట్టిన సాబ్."