పాటకీ పాటకీ మధ్య

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఫ్యూజు ఆ ప్లేయరుని హాల్లో బల్ల మీదకి చేర్చాడు. ఇళ్లలో వాడే సీడీ ప్లేయరుని ఒక్క చేత్తో ఎత్తొచ్చు. ఇది అలాంటిది కాదు. రేడియో స్టేషన్లో పదేళ్లు ఆగకుండా పనిచేసిన ఇనప్పెట్టె. రెండు పక్కలా ర్యాకుకి బిగించే చెవులు, ముందువైపు బొటనవేలంత పచ్చ బటను. రిమోటు లేదు, సోకు లేదు.

"మిక్సీ బాగుచెయ్యమని చెప్పి నెల దాటింది," అంది భార్య, చెప్పులేసుకుంటూ. "దీనికి మాత్రం పొద్దున్నుంచీ నడుం విరగ్గొట్టుకుంటున్నారు."

"మిక్సీ పాడదు కదే."

"రోజూ పొద్దున్నే పాడుతుంది. అప్పుడు తమరు ముసుగులో ఉంటారు." నవ్వబోయి ఆగింది. "ఆ పిల్లకి ఏం చెప్పారు?"

"ఏ పిల్ల?"

"మన గుమ్మంలో ఎంతమంది పిల్లలు నిలబడి ఏడ్చారేమిటి ఇవాళ?"

"చూద్దాం అన్నాను."

"చూడండి, చూడండి. మీకు చూడ్డం బాగా వచ్చు." తలుపు దగ్గరకి లాగి, చెల్లెలింటికి వెళ్లిపోయింది.

స్టేషన్లో అతన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. కరెంటు పోయినా అతనే, మైకు గొణిగినా అతనే. ఫ్యూజు అని పేరు పెట్టింది అక్క. అక్క అంటే మధ్యాహ్నం అనౌన్సరు. బుగ్గన లవంగం పెట్టుకుని, పంతొమ్మిదేళ్లు ఒకే కుర్చీలో కూర్చుని ఊరంతటితో మాట్లాడిన మనిషి.

ఒకప్పుడు షిఫ్టుకి ఇద్దరుండేవాళ్లు. అద్దానికి లోపల అనౌన్సరు, బయట ఆపరేటరు. తర్వాత ఖర్చు తగ్గించాలన్నారు. ఈ లోకంలో ఖర్చు అంటే ఎప్పుడూ మనుషులే. కార్లు కావు, ఏసీ గదులు కావు. ఆపరేటర్లని ఇళ్లకి పంపి, వాళ్ల స్థానంలో ఈ ప్లేయరుని నిలబెట్టారు. స్టూడియోలోంచి ఇరవై సెకన్లు ఏ శబ్దమూ రాకపోతే ఇది ఆ లైను తెంపేసి, దానంతటదే ఒక పాట వేస్తుంది. లోపలి మనిషి లేచి బటను నొక్కితే తప్ప లైను తిరిగి కలవదు. పాట అయ్యాక యంత్రం ఆగుతుంది. ఆగిందంటే కాపలా తాత బల్ల మీద గంట మోగుతుంది. తాత పరిగెత్తాలి.

ఆ గంట మేనేజరుకి నచ్చలేదు. "అనౌన్సరు టీకి లేచినా మోగుతోందయ్యా. పాటలు వరసగా వచ్చేటట్టు పెట్టేయ్."

వెనక పలక కింద చిన్న స్విచ్చు ఉంటుంది. ఎడమకి ఉంటే పాట పాటకీ ఆగుతుంది. కుడికి ఉంటే పాడుతూనే ఉంటుంది. ఫ్యూజు కుడికి తోశాడు. గోటితో అయిపోయే పని.

మూడు వారాలకి అక్క స్టూడియోలో కూలిపోయింది. రెండు గంటల నలభై నిమిషాలు ఊరంతా హాయిగా పాటలు విన్నది. తర్వాతి అనౌన్సరు వచ్చి తలుపు తీసేసరికి ఆవిడ నేల మీద ఉంది. ముఖం పైకి, మైకు వైపు తిప్పుకుని ఉంది. మొదటి గంటలో తీసుకొచ్చినా బతికేదన్నాడు డాక్టరు.

విచారణ పెట్టారు. యంత్రం ఒక పాట అయ్యాక ఆగేలాగే ఉందని, గంట మోగిందని ఫ్యూజు రాసి సంతకం చేశాడు. అంటే తప్పు ఎవరిది? మోగిన గంటకి లేవని ముసలివాడిది. తాత ఉద్యోగం పోయింది. రేపటి విచారణలో ఈ మాటే ఖాయమైతే తాత జైలుకి పోతాడు. ఇక ప్లేయరు స్టేషన్లో ఉండకూడదు కనుక మేనేజరు దాన్ని తన కార్లోనే పంపించాడు. "నీకు పాటల పిచ్చి కదా, ఇంట్లో పెట్టుకో," అన్నాడు. సాక్ష్యాన్ని కానుకగా ఇచ్చే చేతులకి మట్టి అంటదు. పుచ్చుకున్న చేతులకే అంటుతుంది.

పొద్దున వచ్చిన పిల్ల అక్క కూతురు. "మావయ్యా, అమ్మ నిన్ను తమ్ముడనుకుంది. రేపు ఒక్కసారి నోరు విప్పు. అంతే," అంది.

ఫ్యూజు కిటికీలన్నీ మూశాడు. బయటి చప్పుడు లోపలికి వస్తే అతనికి పాట రుచించదు. పరదాలు లాగాడు. పట్టపగలే గది బావిలా అయింది. స్టేషన్ యంత్రాల మూడు పిన్నుల ప్లగ్గులు ఇంటి ఆంప్లిఫయరుకి పట్టవు. అందుకని మధ్యలో వేరే తీగలు తనే అతికాడు. దీని ధాటి ఎక్కువ. మీట నువ్వుగింజంత తిప్పితే చాలు, గది నిండిపోతుంది.

వయొలిన్ డిస్కు వేసి పచ్చ బటను నొక్కాడు.

అబ్బ... ఏం శబ్దం! తీగ మీద కమాను రాపిడి కూడా చెవి పక్కనే. కళ్లు మూసుకున్నాడు. నెలరోజుల్లో మొదటిసారి ఒళ్లు వదులైంది.

పాట అయింది. యంత్రం ఆగింది.

రెండోది రాలేదు. పచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. స్టేషన్ అలవాటు పోలేదన్నమాట అనుకుని, లేచి నొక్కాడు. రెండో పాట. అయింది. మళ్లీ ఆగింది.

ఈసారి స్పీకర్లు పూర్తిగా మూగబోలేదు. సన్నని హోరు. ఫ్యూజు ఆ హోరుని గుర్తుపట్టాడు. ఏసీ గొట్టం. ఆ గొట్టానికి గుడ్డ చుట్టింది తనే.

అది స్టూడియో.

కుర్చీ చక్రం కిర్రుమంది. ఏదో మెత్తటి బరువు నేలకి తగిలింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తర్వాత... తివాచీ మీద గోళ్లు. ఒకసారి. ఆగి, ఇంకోసారి.

మూసిన గదిలో లవంగం వాసన వేసింది.

ఫ్యూజు ఒక్క ఉదుటున లేచి పచ్చ బటను నొక్కాడు. మూడో పాట భళ్లున వచ్చి అన్నిటినీ కప్పేసింది.

అతను టార్చి తెచ్చి, వెనక పలక విప్పాడు. స్విచ్చు ఎడమకి ఉంది. పాట పాటకీ ఆగేలా. తను కుడికి తోసిన స్విచ్చు. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోని స్విచ్చు. గోటితో కుడికి తోశాడు. టక్. చూస్తూండగానే... ఎవరూ ముట్టకుండానే... టక్. ఎడమకి.

తను సంతకం చేసిన కాగితంలో ఎలా ఉందో, యంత్రం అలా ఉంది.

పాట అయిపోయింది.

"ఫ్యూజూ..."

పెద్దగా కాదు. మైకుకి మూరెడు దూరం నుంచి, నేల మీద నుంచి.

"పాట ఆపరా... నేను... వినపడటం లేదు ఎవరికీ..."

అతని చెయ్యి దానంతటదే బటను మీదకి వెళ్లింది. నొక్కాడు. నాలుగో పాట. పాట చివరికి ఎంతుందో అంకెల్లో చూస్తూ కూర్చున్నాడు. నలభై సెకన్లు. పది. మూడు.

"తమ్ముడూ..."

నొక్కాడు.

"ఒక్కసారి తలుపు..."

నొక్కాడు.

అలా ఎన్నిసార్లు నొక్కాడో లెక్కలేదు. తీగ పీకేయొచ్చు కదా అంటారు. పీకితే పాట ఉండదు. ఆ గొంతు మాత్రం తీగ ఉన్నా లేకపోయినా వస్తుందని అతనికి తెలుసు. ఇన్నాళ్లూ స్విచ్చు తోసింది ఎవరు, తొయ్యమంది ఎవరు అని తనకి తనే వాదించుకున్నాడు. ఇప్పుడు మేనేజరు లేడు. హుకుం లేదు. గదిలో తనొక్కడే. ఆవిడ నోరెత్తిన ప్రతిసారీ పాట వేస్తున్న వేలు తనది.

డిస్కు అయిపోయింది. నొక్కడానికి పాట లేదు.

హోరు. ఊపిరి. లోపలికి పీలిస్తే బయటికి రావడానికి ఎంతో సేపు పడుతున్న ఊపిరి.

ఫ్యూజు మోకాళ్ల మీద కూలబడ్డాడు. "చెప్తాను," అన్నాడు. "రేపు అందరి ముందూ చెప్తాను అక్కా. నా మీద ఒట్టు."

ఊపిరి ఆగింది. విన్నట్టుగా.

దీపం ఆరిపోయింది.

మర్నాడు పది గంటలకి విచారణ. పొడవాటి బల్ల, గాజు గ్లాసులు, గోడ మీద ఎవరిదో నవ్వుతున్న ఫోటో. బల్లకి ఆ చివర అధికారి, పక్కన టైపిస్టు. మేనేజరు ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. గోడ వారగా కాపలా తాత, చేతులు కట్టుకుని. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. నలభై ఏళ్లు నిలబడ్డవాడికి కూర్చోమన్నా కాళ్లు వంగవు. తాత పక్కన కుర్చీలో అక్క కూతురు.

"మీ వాంగ్మూలంలో మార్పులేమైనా ఉన్నాయా?" అన్నాడు అధికారి.

"ఉన్నాయి," అన్నాడు ఫ్యూజు.

చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. స్విచ్చు తోసింది నేనన్నాడు. తొయ్యమన్నది ఈయనన్నాడు, వేలు పెట్టి చూపించి. గంట మోగలేదు, తాత తప్పు లేదు, కాగితం మీద ఉన్నదంతా అబద్ధం, యంత్రం మా ఇంట్లో ఉంది, వచ్చి చూసుకోండి అన్నాడు. గొంతు పగిలేలా చెప్పాడు. చెప్తూంటే ఒంట్లోంచి ఏదో విషం దిగిపోతున్నట్టుంది.

అప్పుడు చూశాడు.

టైపిస్టు వేళ్లు టైపు మిషను మీద లేవు. ఒళ్లో ఉన్నాయి. ఆ అమ్మాయి తల మెల్లగా పక్కకీ పక్కకీ ఊగుతోంది. అధికారి అరమోడ్పు కళ్లతో పెన్నుతో బల్ల మీద కొడుతున్నాడు. టక్, టక్ టక్... తాళం. మేనేజరు బూటు ముందుభాగం లేస్తూ పడుతూ ఉంది. గోడ వార తాత పెదాలు కదులుతున్నాయి. తెలిసిన పాటని లోపల్లోపల పాడుకునేవాడిలా.

ఫ్యూజు మాట ఆపాడు.

పెన్ను ఆగింది. బూటు ఆగింది. అధికారి కళ్లు తెరిచి, మర్యాదగా అడిగాడు.

"ఏమిటండీ, చెప్తానని లేచి అలా నిలబడిపోయారు? ఏమీ లేకపోతే పాతదే ఖాయం చేసేస్తాం."

"చెప్పాను కదండీ! ఇప్పుడే..."

టక్, టక్ టక్.

అక్క కూతురు లేచి నిలబడింది. "చాల్లే మావయ్యా," అంది. ఏడవలేదు. "ఒక్క మాట. ఒక్క మాట అనడానికి నోరు రాలేదు నీకు."

ఆ పిల్ల తాత చెయ్యి పట్టుకుని తలుపు వైపు నడిచింది. ఫ్యూజు పరుగెత్తి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె రెండు భుజాలూ పట్టుకుని, ముఖంలో ముఖం పెట్టి, ఊపిరంతా కూడగట్టుకుని నోరు తెరిచాడు.

పిల్ల అతని ముఖంలోకి చూస్తూనే ఉంది. ఆమె కుడికాలి బొటనవేలు మాత్రం, చెప్పులో, మెల్లగా, తాళం తప్పకుండా, కదలడం మొదలుపెట్టింది.