తొంభై తొమ్మిది శాతం పూర్తయింది

"కొత్త బియ్యం వచ్చాయా?"

చాండ్లర్‌లోని ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో, సోనా మసూరి బస్తాల ముందు నిలబడి అడిగాడు తేజేశ్వర్. జూన్ నెల, శుక్రవారం, ఉదయం తొమ్మిదిన్నర. బయట అప్పటికే నూట నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్.

పక్కన కందిపప్పు ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ డేట్ చదువుతున్న బట్టతల మనిషి తలెత్తలేదు.

"కొత్తవి ముద్దయిపోతాయి. పాతవే పట్టుకెళ్ళండి."

కోడ్ సరిపోయింది. రెండు నిమిషాల తేడాతో ఇద్దరూ బయటికి నడిచి, పార్కింగ్ లాట్ చివర ఆగి ఉన్న బూడిదరంగు వ్యాన్ ఎక్కారు.

బట్టతల మనిషి పేరు శ్యామ్‌సుందర్. లోకం దృష్టిలో ట్యాక్స్ కన్సల్టెంట్. అసలు ఉద్యోగం, పేరు లేని ఒక ఫెడరల్ డిపార్ట్‌మెంట్‌కి అరిజోనా చీఫ్. అందులో తెలుగువాళ్ళు ఇంతమంది ఎందుకున్నారని అడక్కండి. చాండ్లర్ చిప్ ఫ్యాక్టరీల్లో లంచ్ టైమ్‌కి ఒకసారి నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది.

తేజేశ్వర్ ఆ డిపార్ట్‌మెంట్‌లో ఏజెంట్ లెవెన్. వయసు యాభై రెండు. మూడు దేశాల గూఢచారుల్ని పట్టుకున్నాడు గానీ, ఒక్కచోట పది నిమిషాలు కుదురుగా కూర్చోవడం మాత్రం ఈ జన్మకి చేతకాలేదు. వ్యాన్ ఎక్కిన అర నిమిషానికే కుడి మోకాలు ఊగడం మొదలైంది.

"ఇంజిన్ కట్టేయనా సర్?"

"కట్టేస్తే ఏసీ పోతుంది. ఇద్దరం ఇక్కడే వేగిపోతాం. విను. నీ మిషన్, ఒక కంప్యూటర్‌ని అప్‌గ్రేడ్ చేయించడం."

మోకాలు ఆగింది.

"దానికి నేనెందుకు సర్? ఐటీ హెల్ప్‌డెస్క్ ఉంటుంది కదా."

"వాళ్ళు నాలుగుసార్లు వెళ్ళి, నాలుగుసార్లూ తిట్లు తిని వచ్చారు." శ్యామ్‌సుందర్ టాబ్లెట్ తెరిచాడు. "రెడ్ మీసా సెమీకాన్. పేస్‌మేకర్లలో వాడే చిప్ తయారుచేస్తారు. గుండె ఆగకుండా చూసే చిప్. దాన్ని కాల్చే ఫర్నేస్‌ని ఒక పాత కంప్యూటర్ నడుపుతోంది. ఎన్ని డిగ్రీలు, ఎన్ని సెకన్లు, ఏ గ్యాస్ ఎంత... ఆ లెక్కంతా అందులో ఉంది. దాన్ని రెసిపీ అంటారు. మొన్న అక్టోబర్‌లో ఆ పాత ఓఎస్‌కి సపోర్ట్ ఆగిపోయింది. సెక్యూరిటీ ప్యాచ్‌లు రావు. స్కార్పియన్ రింగ్ ఇవాళ మధ్యాహ్నం రెండింటికి దాని మీద దెబ్బ కొడుతుందని సమాచారం."

"సోర్స్?"

"మాయ."

తేజేశ్వర్ సీట్లో సర్దుకున్నాడు. మాయని ఎవరు మర్చిపోతారు! ఆ పరాయి దేశపు ముఠాలో పనిచేస్తూ, లోపలి కబుర్లు డిపార్ట్‌మెంట్‌కి అందించే డబుల్ ఏజెంట్. రెండేళ్ళ క్రితం ప్లెయిన్స్‌బరోలో, ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ స్విమ్మింగ్ పూల్ పక్కన ఆమె నల్ల కళ్ళద్దాలు తీసి నవ్విన నవ్వుకి ఇతను చెప్పాల్సిన కోడ్ మర్చిపోయాడు. ఇప్పటిదాకా మూడు టిప్స్ ఇచ్చింది. మూడూ నిజమయ్యాయి. నాలుగోది మాత్రం ఎందుకు కాకూడదు?

"ఆవిడే అప్‌గ్రేడ్ కన్సల్టెంట్‌గా వస్తుంది. ఒంటిగంటకి. నువ్వూ, నిధీ వెండర్ వేషంలో వెళ్ళి ఆ ఇంజినీర్‌ని ఒప్పించండి." శ్యామ్‌సుందర్ గొంతు తగ్గించాడు. "తేజ్, ఇంకో మాట. హెడ్‌క్వార్టర్స్‌ వాళ్ళు పాత ఏజెంట్ల లిస్ట్ ముందేసుకుని కూర్చున్నారు. ఉంచాలా, కొత్తవాళ్ళని పెట్టాలా అని. ఇవాళ పొరపాటు జరగడానికి వీల్లేదు."

మోకాలు మళ్ళీ ఊగింది. ఈసారి రెండూ ఊగాయి.

*

నిధికి ఇరవై ఆరేళ్ళు. పుట్టింది, పెరిగింది చాండ్లర్‌లోనే. అమ్మానాన్నలది కరీంనగర్. డిపార్ట్‌మెంట్ ట్రైనింగ్‌లో ఫస్ట్ వచ్చింది. కారు ఆమే డ్రైవ్ చేస్తోంది.

తేజేశ్వర్ చేతి గడియారం బీప్ మంది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గాడ్జెట్. అందులో కెమెరా ఉంది, మైక్ ఉంది. నాలుగు నెలలుగా ఒక అప్‌డేట్ కూడా ఉంది. అతను ఎప్పట్లాగే 'రిమైండ్ మీ లేటర్' నొక్కాడు. రెండు నిమిషాల్లో మళ్ళీ బీప్.

"అంకుల్, అది బంద్ చేయండి ప్లీజ్. ఇట్స్ డ్రైవింగ్ మీ క్రేజీ."

"డ్యూటీలో అంకుల్ అనకు."

"ఓకే అంకుల్. బట్ అప్‌డేట్ చేస్తే అయిపోతది కదా. టెన్ మినిట్స్."

"పోయినసారి చేస్తే కెమెరా పోయింది. దాన్ని బాగుచేయడానికి ఇంకో అప్‌డేట్ పంపారు. అది చేస్తే టైమ్ కూడా పోయింది. గడియారంలో టైమ్ పోవడం ఎక్కడైనా విన్నావా?"

నిధి నవ్వింది. తేజేశ్వర్‌కి నవ్వు రాలేదు. పాతది తీసేసి కొత్తది పెట్టాలన్న మాట పొద్దుటినుంచీ వింటున్నాడు. అది కంప్యూటర్ గురించేనా, తన గురించి కూడానా?

*

క్లీన్‌రూమ్‌లోకి దుమ్ము రేణువు కూడా పోకూడదు. అందుకని తల నుంచి కాలిదాకా తెల్లటి సూట్, మాస్క్, గ్లవ్స్. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. మారువేషం వేసుకునే శ్రమ తప్పింది. లోపలికి వెళ్ళాలంటే ఎయిర్‌లాక్ దాటాలి. రెండు తలుపులు, మధ్యలో చిన్న గది. ఒకటి మూసుకుంటేగానీ రెండోది తెరుచుకోదు.

ఫర్నేస్ పక్కన వెంకటస్వామి ఉన్నాడు. అరవై రెండేళ్ళ ప్రాసెస్ ఇంజినీర్. రాజమండ్రి మనిషి. ఆ రెసిపీ తయారుచేయడానికి పదకొండేళ్ళు పట్టింది ఆయనకి.

"మళ్ళీ అప్‌గ్రేడేనా బాబూ?" అన్నాడు, వీళ్ళ బ్యాడ్జ్‌లు చూడగానే. "ఏం వస్తుందండీ దానివల్ల? కిటికీల మూలలు గుండ్రంగా వస్తాయి. స్టార్ట్ బటన్ ఎడమనించి మధ్యలోకి వస్తుంది. నాకు ఎడంపక్కే బాగుంది."

"సెక్యూరిటీ సర్. ప్యాచ్‌లు రాకపోతే కన్నాలు అలాగే ఉండిపోతాయి."

"నిజవేనండి. ఇంట్లో ల్యాప్‌టాప్‌కి మొదటి రోజే చేయించాను. బ్యాంకులు, మెయిళ్ళు, అదంతా బయటి గాలి. ఇది అలాక్కాదు. వెనక చూడండి, నెట్ కేబులే లేదు. దొంగ ఎటునించి వస్తాడు?" వెంకటస్వామి కంప్యూటర్ మీద చెయ్యేశాడు. "ఫర్నేస్‌తో మాట్లాడే కార్డు దీన్లో ఉంది. అది చేసిన కంపెనీ మూతపడి తొమ్మిదేళ్ళు. కొత్త ఓఎస్‌లో దీన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లేదు. అప్‌గ్రేడ్ అయిందంటే ఫర్నేస్ ఎక్కడిదక్కడ ఆగిపోద్ది."

తేజేశ్వర్ వంగి కంప్యూటర్ వెనక చూశాడు. వెంకటస్వామి గొంతు మెత్తబడింది.

"మా లీలావతి గుండెలో ఉన్నది ఈ ఫర్నేస్‌లో కాలిన చిప్పే బాబూ. బ్యాటరీ అయిపోవచ్చింది. వచ్చే నెల్లో కొత్తది పెట్టాలి. అందుకే నాకింత భయం."

సరిగ్గా అప్పుడే ఎయిర్‌లాక్ తెరుచుకుంది. ఆ సూట్‌లో ఎవరైనా ఇడ్లీలాగే కనిపిస్తారు. మాయ మాత్రం ఆ కళ్ళతోనే గదినంతా తనవైపు తిప్పుకుంది.

"వెంకటస్వామిగారూ, మీ కార్డుకి డ్రైవర్ నేను రాయించి తెచ్చాను," అంది, యూఎస్‌బీ చూపిస్తూ. "మీ భయం నాకు తెలుసు. ముందు బ్యాకప్ తీద్దాం. ఆ తర్వాతే అప్‌గ్రేడ్. ఏమంటారు తేజ్‌గారూ?"

తేజ్‌గారు ఏమంటారు? అంతకంటే న్యాయమైన మాట ఉందా? పైగా గడియారంలో ఒకటీ పది. రెండింటికి దెబ్బ. చీఫ్ ఆర్డర్. హెడ్‌క్వార్టర్స్ లిస్ట్. "చేసేద్దాం సర్" అన్నాడు. వెంకటస్వామి చాలాసేపు తటపటాయించి, బీరువాలోని పాత బ్యాకప్ డ్రైవ్ తెచ్చి ఇచ్చాడు. మాయ అందులోకి తాజా కాపీ ఎక్కించి, నడుముకున్న పౌచ్‌లో భద్రంగా పెట్టుకుంది. యూఎస్‌బీ గుచ్చింది. స్క్రీన్ నీలంగా మారింది.

'అప్‌గ్రేడ్ జరుగుతోంది. దయచేసి కంప్యూటర్ ఆఫ్ చేయకండి. 3 శాతం.'

ఆ నలభై నిమిషాలు తేజేశ్వర్ అనుభవించిన యాతన పగవాడికి కూడా వద్దు. ఇరవై రెండు. కూర్చున్నాడు. ఇరవై మూడు. లేచాడు. నలభై దగ్గర ఆగిపోయింది. గది చుట్టూ పచార్లు చేశాడు. మాట్లాడదామంటే, అప్‌గ్రేడ్ మొదలైన దగ్గర్నుంచీ ఫ్యాన్ల హోరు పెరిగిపోయింది. నిధి ఎయిర్‌లాక్ తలుపు దగ్గర కాపలా ఉంది. ఆమె పక్కనే గోడ మీద ఎర్రటి మెయిన్ స్విచ్.

డెబ్భై. ఎనభై అయిదు. తొంభై రెండు.

మాయ తలుపు వైపు నడిచింది. ఫోన్ మాట్లాడొస్తానన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. తేజేశ్వర్ తలూపాడు. చూపు మాత్రం స్క్రీన్ మీదే. ఎంత తెలివైనవాడైనా పెరుగుతున్న శాతాన్ని చూస్తూ కూర్చుంటే వెర్రివాడైపోతాడు. స్కార్పియన్ రింగ్‌కి అది బాగా తెలుసు.

"బాబూ," వెంకటస్వామి అతని చెవిలో అరిచాడు. "డిస్క్ లైట్ వెలగట్లేదు!"

"అంటే?"

"డిస్క్ పనిచేయకుండా శాతం ఎలా పెరుగుద్దండీ? ఇది అప్‌గ్రేడ్ కాదు!"

తొంభై ఏడు. నూరైతే ఏమవుతుందో? తేజేశ్వర్ యూఎస్‌బీ పీకాడు. శాతం ఆగలేదు. తొంభై ఎనిమిది. స్విచ్ అవతలి గోడకి ఉంది. పరిగెత్తినా అందదు. నిధి వైపు తిరిగి, మాస్క్‌లోంచి గొంతు చించుకుని అరిచాడు.

"నిధీ! దాన్ని కట్టేయ్!"

ఫ్యాన్ల హోరులో ఆ మాటలు మాత్రం నిధికి స్పష్టంగా వినపడ్డాయి. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. స్విచ్ వైపు చూడనైనా చూడలేదు. అప్పుడే ఎయిర్‌లాక్‌లోకి అడుగుపెడుతున్న మాయ మీదికి దూకింది. పక్క ర్యాక్‌లో వైర్లు బిగించే కేబుల్ టై లాగి, మాయ చేతులు రెండూ వెనక్కి విరిచి, చర్రున బిగించి, ఆ చేతుల్ని తలుపు హ్యాండిల్‌కి ఇంకో టైతో కట్టేసింది. ఆ పెనుగులాటలో మాయ నడుము దగ్గర్నుంచి చిన్న పిస్టల్ జారి నేలమీద పడింది.

"స్విచ్! స్విచ్!" తేజేశ్వర్ నెత్తి కొట్టుకుంటున్నాడు.

తొంభై తొమ్మిది శాతం పూర్తయింది.

నూరు.

'స్వాగతం' అంది స్క్రీన్. వెంకటస్వామి రెసిపీ ఫోల్డర్ తెరిచాడు. ఖాళీ.

ఆ ముసలి మనిషి కుర్చీలో కూలబడిపోయాడు. "మొదటి నిమిషంలోనే చెరిపేసిందండీ. ఈ అంకెలన్నీ మనల్ని కూర్చోబెట్టడానికే." పదకొండేళ్ళ పని. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బ్యాకప్... ఆవిడ దగ్గరే కదా ఉంది?"

ఇద్దరూ తలుపు వైపు చూశారు. నిధి వంగి, మాయ నడుముకున్న పౌచ్ విప్పి, డ్రైవ్ పైకెత్తి చూపించింది.

వెంకటస్వామి అందుకుని గుండెకి హత్తుకున్నాడు. బీరువాలోంచి అదే పాత ఓఎస్ ఉన్న రెండో కంప్యూటర్ బయటికి వచ్చింది. ఏడాది క్రితమే కొని దాచుకున్నాడట. కార్డు మార్చి, రెసిపీ ఎక్కించి, ఫర్నేస్ ఆన్ చేశాడు. ఉష్ణోగ్రత సూది కదిలింది. తేజేశ్వర్ జీవితంలో చూసిన అందమైన దృశ్యాల్లో అదొకటి.

"మంచిపని చేశావమ్మా," అన్నాడు వెంకటస్వామి నిధితో. "ఆ ఎర్ర స్విచ్ ఆపేసుంటే ఎమర్జెన్సీ అనుకుని రెండు తలుపులూ ఒక్కసారే తెరుచుకునేవి. ఆవిడ ఎంచక్కా నడిచి వెళ్ళిపోయేది."

తేజేశ్వర్ గోడకి ఆనుకున్నాడు.

*

సాయంత్రం వ్యాన్‌లో శ్యామ్‌సుందర్ ముఖం వెలిగిపోతోంది. "శభాష్ తేజ్! మాయ డబుల్ కాదు, ట్రిపుల్ ఏజెంట్ అని డిపార్ట్‌మెంట్ మొత్తంలో ఎవరూ కనిపెట్టలేదు. నీకెలా తెలిసింది?"

ఒప్పేసుకుంటే లిస్ట్‌లోంచి పేరు పోతుంది. తేజేశ్వర్ మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. ఊగుతున్నాయి. అబద్ధం చెప్పడం అతని వృత్తే. అయినా నిధి పక్కన కూర్చుని చెప్పబుద్ధి కాలేదు.

"తెలీదు సర్. నేను కంప్యూటర్‌ని కట్టేయమన్నాను."

"కంప్యూటర్‌ని ఎట్ల కట్టేస్తరు?" నిధి ఆశ్చర్యపోయింది.

"కట్టేయడమంటే ఆఫ్ చేయడం తల్లీ! ఫ్యాన్ కట్టేయ్, లైట్ కట్టేయ్ అనరూ?"

"మా ఇంట్ల బంద్ చేయ్ అంటరు అంకుల్. కట్టుడు అంటే షూ లేస్. అండ్, పొద్దుటినుంచి మీరు మాయగారు, ఆవిడ అన్నారు. సడెన్‌గా 'దాన్ని' అన్నారు. మా అమ్మమ్మ ఎవరిమీదన్నా బాగా కోపమొస్తేనే అట్ల అంటది. సో, షీ ఈజ్ బ్యాడ్ అని అర్థమైంది."

శ్యామ్‌సుందర్ భుజాలు కుదిపి కుదిపి నవ్వాడు. రిపోర్ట్ ఫారం తీసి, చివరి ప్రశ్న చదివాడు. "అప్‌గ్రేడ్ అవసరమా? ఏం రాయమంటావ్?"

"వెంకటస్వామిగారు చెప్పిందే రాయండి. చేస్తారట. కొత్త కార్డు తెప్పించి, పక్కన ఇంకో మిషన్ మీద ఆరునెలలు నడిపి చూసి, అప్పుడు. తొందరపెట్టేవాళ్ళ చేత మాత్రం చేయించరట."

"మరి హెడ్‌క్వార్టర్స్‌కి ఏజెంట్ల గురించి ఏం రాయను?"

"నన్నడిగితే ఎలా సర్?"

"పాతదాని పక్కన కొత్తదాన్ని పెట్టి నడిపి చూస్తున్నాం అని రాస్తాలే. ఆరునెలలు." సంతకం పెట్టాడు శ్యామ్‌సుందర్.

తేజేశ్వర్‌కి పొద్దుటినుంచీ మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది. అంతలో గడియారం బీప్ మంది. అప్‌డేట్ సిద్ధంగా ఉందట. అతను విసుగ్గా చెయ్యి చాపాడు.

"నిధీ, దీన్ని కట్టేయ్."

నిధి ఏమాత్రం తడబడకుండా జేబులోంచి కేబుల్ టై తీసింది.