సమాధి మీద ఎర్రమన్ను

తండ్రి ముసాబెక్ చనిపోయిన రోజే చిన్నకొడుకు సాబిత్ మాయమయ్యాడు. ఫోన్ స్విచాఫ్. ఇంట్లో పాస్‌పోర్టు లేదు.

రష్యాలో ఎవరినో పెట్టుకున్నాడని ఊరు తేల్చేసింది. తండ్రి మీద పిడికెడు మట్టి వేయడానికైనా రాలేదని తిట్టిపోసింది. సాబిత్ భార్య రౌషాన్ ఒక్కతే పోలీసులకు కంప్లయింట్ ఇచ్చింది. భర్త దొరకకపోతే ఆమె ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేదు.

పోలీసు కెప్టెన్ కులియాష్ ముందుగా పెద్దకొడుకు ఎర్మెక్‌ని పిలిచింది. అతన్ని ఊరంతా మెచ్చుకుంటోంది. శవం కోసం తవ్విన గోతిని రాత్రి కాపలా లేకుండా వదలకూడదని ఆచారం. ఆ కాపలా అతనే కాశాడు.

"ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే."

"తమ్ముడు రాలేదా?"

"వాడెందుకొస్తాడు? ఇల్లెలాగూ వాడిదే."

మా గడ్డిమైదానాల వైపు తండ్రి ఇల్లు కడగొట్టువాడికే దక్కుతుంది. ఇరవై ఏళ్ళు ఆ ఇంటి మందను మేపింది మాత్రం ఎర్మెక్.

కులియాష్ శ్మశానానికి వెళ్ళింది. సమాధులన్నీ నల్లమట్టి దిబ్బలే, మధ్యమధ్య తెల్లటి సున్నపు పలుకులు. ముసాబెక్ దిబ్బలో మాత్రం ఎర్రబంకమన్ను గడ్డలు కనిపించాయి. ఎంత లోతు తవ్వారని గోతులు తవ్వే తొలెబాయ్‌ని అడిగింది. ఎప్పటిలాగే తెల్లపొరలో ఆపేశామని, గోతి గోడలో తొలిచి శవాన్ని ఉంచే పక్కగూడు అందులోనే గట్టిగా నిలుస్తుందని చెప్పాడు.

మర్నాడు కుటుంబాన్నీ ఊరిపెద్దల్నీ అక్కడికే రప్పించింది.

"ఇక్కడ గడ్డి కుళ్ళి కుళ్ళి పైన నల్లమట్టి అయింది. వేల ఏళ్ళ వానలు సున్నాన్ని కిందికి దింపి తెల్లపొర కట్టాయి. దాని కింద ఎర్రమన్ను. మీవాళ్ళు తెల్లపొర దాటరు. మరి ఇది పైకెలా వచ్చింది?"

"బొరియలు తవ్వే మర్మోట్లు పైకి తోడి పోసుంటాయి," అన్నాడు ఎర్మెక్.

"అక్టోబరు కదా. అవి బొరియల్లో చలికాలపు నిద్రలోకి పోయి నెలయింది. గోతి తవ్వాక, పూడ్చేముందు ఎవరో ఇంకా లోతుకి తవ్వారు. అప్పుడిక్కడ ఉన్నది మీరొక్కరే."

ఎర్మెక్ తల్లి వచ్చి కులియాష్ చెయ్యి పట్టుకుంది.

"తవ్వించకమ్మా. నాకు మిగిలింది ఒక్కడే."

ఆమెకు ముందే అనుమానం వచ్చిందని అందరికీ అర్థమయింది. అడ్డు చెప్పినవాళ్ళు లేరు. తొలెబాయ్ పార అందుకున్నాడు. ముసాబెక్ శవం పక్కగూట్లో పెట్టినచోటే ఉంది. గోతి అడుగున, తెల్లపొర కింద, సాబిత్ దొరికాడు. తల వెనక పార దెబ్బ, జేబులో పాస్‌పోర్టు.

"టీ తెచ్చాడు," అన్నాడు ఎర్మెక్. "తాగుతుంటే ఇంటి తాళంచెవి అడిగాడు. నాన్న ఇంకా మట్టిలోకి కూడా పోలేదు."

అతన్ని జీపెక్కించారు. రౌషాన్ ఏడవలేదు. ఊరివాళ్ళవైపు తిరిగింది.

"తండ్రి మట్టికి రాలేదని తిట్టారుగా. మీకంటే ముందే వచ్చాడు. మీరేసిన పిడికెళ్ళు ఆయన మీదా పడ్డాయి."

ఆమె అత్తగారు ఆ మాట వినలేదు. కదిలిన జీపు వెనకే నడుస్తోంది.