డేగ స్క్వాడ్రన్ ఒకే ప్రతి

"సుహాసిని మనల్ని అమ్మేసింది. మూడింటికల్లా పుస్తకం బూడిద కావాలి."

ఫోన్‌లో ఢిల్లీ ఆఫీసు ఆదేశం అంతే. ఏజెంట్ మారుతి వాచీ చూసుకున్నాడు. రెండూ నలభై. దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేట. భుజాన టూల్‌బ్యాగు, చొక్కా మీద ఏసీ కంపెనీ పేరు. మూడేళ్లుగా ఈ మారువేషంలో నిజంగానే ఏసీలు బాగుచేస్తూ, తాను గూఢచారినన్న సంగతే అప్పుడప్పుడు మరిచిపోయేవాడు.

పుస్తకం డేగ స్క్వాడ్రన్ చరిత్ర. ఆ యుద్ధవిమానాల దళాన్ని నిరుడు రద్దు చేశారు. అందులో ముప్ఫై ఏళ్లు మెకానిక్‌గా చేసిన ముజఫ్ఫర్ అలీ, ఇక్కడ కూతురింట్లో కూర్చుని నాలుగొందల పేజీలు చేత్తో రాశాడు. విమానం కూలిన పైలట్లను సరిహద్దు అవతల దాచి కాపాడిన గొర్రెల కాపరిని పేజీ పేజీలో తలచుకున్నాడు, పేరుతో, ఊరుతో సహా. పిచ్చి ప్రేమ! ఆ కాపరి ఇంకా బతికే ఉన్నాడు. పుస్తకం శత్రువుల చేతికి చిక్కితే రేపటికి ఉండడు.

ఏసీ చూడ్డానికన్నట్టు మారుతి ఆ ఇంట్లోకి వెళ్లేసరికి, నిన్నటిదాకా ఢిల్లీకే పనిచేసిన సుహాసిని లోపలే ఉంది. ఆ దళంలోని పైలట్ కూతురిననీ, పుస్తకం అచ్చేయిస్తాననీ ముసలాయనను నమ్మించింది. గది నిండా ఖరీదైన అత్తరు వాసన. కాగితాల కట్ట ఆమె చేతిలో. వీధిలో ఆమె మనుషుల కారు.

"వెళ్లొస్తానండీ."

"ఆగు బిడ్డా." ముజఫ్ఫర్ అలీ రిజిస్టర్ తెరిచాడు. "సంతకం పెట్టి తీస్కపో. సంతకం లేకుంట మా దగ్గర ఒక్క విమానం లేవలే."

"పుస్తకానికి సంతకమేమిటండీ!" ఆమె నవ్వి లేచింది.

ముసలాయన ముఖం మారిపోయింది. "మీ నాయిన సంతకం పెట్టకుంట విమానం నిచ్చెన గూడ ఎక్కలే. నువ్వు ఆయన బిడ్డవు గావు!" కట్ట లాక్కున్నాడు.

హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు వచ్చింది. మారుతి టూల్‌బ్యాగులోని ఏసీ గ్యాస్ సిలిండర్ వాల్వ్ తిప్పాడు. చల్లటి పొగ సుహాసిని కళ్లలో కొట్టింది. కేకలు పెడుతూ బయటికి పరుగెత్తింది. అతను తలుపు గడియ వేశాడు.

"చాచా, అండ్ల కాపరి పేరున్నది. వీళ్లకు దొరికితే ఆయనను సంపుతరు."

"పేరు రాయకుంటె అబద్ధమైతదనుకున్న."

"ఇంకో కాపీ?"

"మాఫీ, లేదు బేటా. ఇదొక్కటే."

మారుతి పైపులు అతికే గ్యాస్ టార్చ్ వెలిగించాడు. తలుపు మీద బూట్ల దెబ్బలు. ముసలాయన రిజిస్టర్ ముందుకు జరిపాడు. మారుతి సంతకం పెట్టాడు. ఆ తర్వాతే కట్ట అందింది.

తలుపు విరిగేసరికి నేల మీద బూడిద. వచ్చినవాళ్లు దాన్ని బూటుతో కెలికి, బూతులు తిట్టి వెళ్లిపోయారు.

"మళ్ల రాయి చాచా, పేరు లేకుంట."

"కండ్లు కనవడుతలేవు బేటా. సగం మంది పేర్లు యాదికి లేవు. ఇగ మమ్ముల ఎవలు తలుస్తరు?"

మారుతి ఫోన్ మోగింది. ఢిల్లీ.

"శభాష్! డేగ స్క్వాడ్రన్ గురించి మన రికార్డుల్లో ఒక్క ముక్క లేదట. వచ్చేటప్పుడు ఆ పుస్తకం కాపీ ఒకటి తీసుకురా."