కడగని వాచీ

ఎవరి పిచ్చి వారికి ఆనందం అంటారు. కళ్లజోళ్ల షాపాయన పిచ్చి వాచీలు. పొద్దున లేవగానే, పళ్లయినా తోముకోకుండా, అల్మరా తెరిచి వాచీల పెట్టె బయటికి తీసి మూత ఎత్తి చూసుకోకపోతే ఆయనకి తెల్లారినట్టే కాదు. పెట్టెలో అరకో బుల్లి మెత్త, మెత్తకో వాచీ. కీ ఇస్తే నడిచే పాతవి, బ్యాటరీవి, చెయ్యి ఊపుతుంటే దానంతటదే కీ తిరిగేవి, నాడి ఎలా కొట్టుకుంటోందో చూపించే నిన్నమొన్నటివి కూడా ఉన్నాయి. ఈ రోజు ఏది పెట్టుకోవాలా అని ఆయన తేల్చుకునేలోపు పొయ్యి మీద పాలు కాగి, చల్లారి, మీగడ కట్టేవి.

"నా మొహం ఎప్పుడైనా అంతసేపు చూశారా?" అనేది భార్య.

"నువ్వు ఆగవు కదా, అవి ఆగిపోతాయి. చూసుకోవాలి మరి," అనేవాడు.

పాత వాచీలు పోగుచేసే వాళ్లకి ఒక మొండిపట్టు ఉంటుంది. పాలిష్ పట్టించకూడదు, గీతలు చెరపకూడదు, మరక ఉంటే మరకలాగే ఉండాలి. కడిగితే దాని వయసు పోతుందట! భార్య ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆ మొండిపట్టే ఆయన కొంప ముంచింది.

వాచీలకంటే ముద్దయినది ఆ ఇంట్లో ఒకటే ఉంది, కూతురు. ఇక పిల్లలు పుట్టరులే అని మొగుడూ పెళ్లాలు మనసు రాయి చేసుకున్నాక పుట్టింది. బడికి దింపేది, తీసుకొచ్చేది ఆయనే. పాప ఎప్పుడూ ఎడమ పక్కన నడుస్తూ, ఆయన చిటికెన వేలు పట్టుకుని, దారంతా ఏదో ఒకటి వాగుతూ ఉండేది. ఆ చిన్న పట్టు లేకపోతే ఆయనకి ఆ రోజు గడిచేది కాదు.

ఒకరోజు షాపుకి ఒకామె వచ్చింది. కళ్లజోడు ఊడిపోతోందట. ఆయన మర బిగిస్తుంటే ఆమె కళ్లజోడు చూడడం మానేసి ఆయన మణికట్టు చూస్తూ కూర్చుంది.

"మా మామగారికి కూడా ఇలాంటిదే ఉండేదండి. సాగే చైనుది."

"ఉండేదంటే?"

"ఆయన పోయారు. వాచీ ఉంది."

మర్నాడు తెచ్చింది. ప్లాస్టిక్ కవరులో వేసి, కవరు ముడిని రెండు వేళ్లతో పట్టుకుని, చచ్చిన ఎలకని తోకతో మోసుకొచ్చినట్టు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"కడగలేదండి. ముట్టుకోబుద్ధి కాలేదు."

"అమ్మో, కడక్కండి! ఇలాగే కావాలి నాకు."

"ఒక మాట చెప్పాలి..." ఆమె గొంతు తగ్గించింది. "చివర్లో ఆయనకి ఒళ్లంతా నీరు పట్టింది. చెయ్యి ఉబ్బిపోయి వాచీ మాంసంలోకి దిగింది. తీస్తామంటే కరిచినంత పని చేసేవారు. నాతోనే పోనివ్వండి అనేవారు. మా ఆయన వినలేదు. పోయాక సబ్బు రాసి లాగారు..." ఆమె వేళ్లు కొంగుకి తుడుచుకుంది. "వాచీ ఒక్కటే రాలేదండి."

అన్నీ ఆయన చెవిన పడ్డాయి. బుర్రకి మాత్రం ఎక్కలేదు. అప్పటికే కంటికి భూతద్దం తగిలించుకుని డయల్ చూస్తున్నాడు. మీగడ రంగు డయల్, నీలం ముళ్లు, ఏనాడూ ఎవరూ విప్పని వెనక మూత. ఆ మూత అంచు చుట్టూ, చైను సందుల నిండా, గోధుమరంగు మడ్డి ఎండిన గంజిలా పేరుకుపోయి ఉంది. ఇంకొకడైతే మొహం తిప్పుకునేవాడు. ఈయన మురిసిపోయి, అడిగినంత ఇచ్చి కొనేశాడు.

ఇంటికెళ్లి పెట్టుకుంటే చైను వదులైంది. రెండు లంకెలు తగ్గించాలి. లంకెకి లంకెకి మధ్య సూది మొనంత పిన్ను ఉంటుంది. కింద పడిందా, ఇక దొరకదు. అందుకని పిన్ను తీయగానే పెదవుల మధ్య పెట్టుకోవడం ఆయనకి అలవాటు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పిన్ను తీసింది, పెదవుల మధ్య పెట్టింది.

ముందు ఉప్పగా తగిలింది. తర్వాత మక్కిన నూనె రుచి. ఆ తర్వాత చంటిపిల్లల మెడ మడతల్లో పాలు పులిసిన కంపు. నాలుక మీద ఉల్లిపొరలాంటిది ఏదో అతుక్కుంది. ఉమ్మబోయాడు. అప్పటికే అది గొంతులోకి జారిపోయింది.

ఛీ! నోరు పుక్కిలించాడు, పళ్లు తోమాడు, నాలుక గీసుకున్నాడు. ఆ రాత్రి అన్నంలో కూడా అదే రుచి తగిలింది. బుద్ధున్నవాడైతే అప్పుడే ఆ వాచీని చెత్తబుట్టలో పారేసేవాడు. ఈయన పొద్దున్నే దాన్ని పెట్టుకుని షాపుకి బయల్దేరాడు.

సాయంత్రం తీసి చూస్తే చైను లోపలంతా తడి. చెమటేలే అనుకున్నాడు. చెమట జిగురుగా ఉంటుందా? ఇక మొండిపట్టు పక్కన పెట్టి, పుల్లతో సందులు గీకాడు. బూడిదరంగు మడ్డి ముద్దగా వచ్చింది. గుడ్డతో తుడిచి శుభ్రం చేశాడు. మర్నాటికి మళ్లీ అంతే పేరుకుంది. ఆ మర్నాడు ఇంకాస్త ఎక్కువ, అందులో చుట్టుకుని ఒక తెల్ల వెంట్రుక. ఆయన చేతి మీద ఉన్నవన్నీ నల్లవి, పొట్టివి.

"ఏవండీ, మీ దగ్గర ఏదో కుళ్లు కంపు కొడుతోంది," అంది భార్య వడ్డిస్తూ, గరిటె ఆపి.

"నీ ముక్కు మరీ సూది ముక్కు."

షాపులో ఒక ముసలామెకి కొత్త కళ్లజోడు చెవుల వెనక సర్దుతుంటే ఆమె పాపం ఊపిరి బిగబట్టింది. చివరికి ఉండబట్టలేక, "బాబూ, ఇక్కడెక్కడైనా పిల్లిగానీ చచ్చిందేమో చూడు," అంది. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

సరే, కొన్నాళ్లు వద్దులే అని వాచీని పెట్టెలో పెట్టేశాడు. చెయ్యి కదిలితేనే కీ తిరిగే రకం అది. కదలకుండా పడుంటే ఆగిపోవాలి. ఆగలేదు. రోజులు గడిచాయి, ఆగలేదు. ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పెట్టె తెరిచాడు. పొద్దున లేని కంపు గుప్పుమంది. వాచీ కింద మెత్త తడిసి, ఉబ్బి ఉంది. బొటనవేలితో నొక్కాడు.

గుంట పడింది.

దూది మెత్త అయితే వేలు తియ్యగానే పైకి లేవాలి. ఇది లేవలేదు... గుంట అలాగే ఉంది. ఉండి ఉండి... మెల్లగా, అడుగు నుంచి నీరు ఊరినట్టు, నిండింది. మెత్త వెచ్చగా ఉంది.

పట్టకారుతో ఆ మెత్తని పట్టుకెళ్లి వీధి చివర పారేసి వచ్చాడు. మరి వాచీని? పెట్టెలో ఉంచితే మిగతా వాచీలకి కంపు అంటుకుంటుందని దాన్ని మళ్లీ చేతికే పెట్టుకున్నాడు! చూశారా మనిషి బుద్ధి? పోయేకాలం వస్తే ఇలాంటి తెలివితేటలే పుడతాయి.

మర్నాడు బడికి వెళ్తూ పాప అలవాటుగా ఆయన చిటికెన వేలు పట్టుకుంది. పట్టుకున్నదల్లా చటుక్కున వదిలేసింది.

"ఏం తల్లీ?"

"నీ చెయ్యి మెత్తగా ఉంది నాన్నా. జారుతోంది."

అరచెయ్యి గౌనుకి తుడుచుకుంది. వాసన చూసుకుంది. మళ్లీ తుడుచుకుంది. గబగబా ఆయన కుడి పక్కకి వచ్చేసింది.

"ఆ చెయ్యి నాకొద్దు. అది నీది కాదు," అంది.

ఆయన గుండె చివుక్కుమంది. ఇంతమంది ముక్కు మూసుకున్నా పట్టించుకోనివాడు, ఆ ఒక్క మాటకి రోడ్డు మీదే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పాపని దింపి, అక్కడే నిలబడి వాచీ లాగాడు. రాలేదు. సాగే చైను సాగలేదు. చెయ్యి మణికట్టు దగ్గర పాలిపోయి, బుసబుసా పొంగి, చైను రెండు పక్కలా చర్మం పైకి లేచి ఉంది. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు అలా లేదు.

సాయంత్రానికి వేళ్లు మడవడం కూడా కష్టమైంది. బయట వాన. ఇంట్లోకి రాగానే భార్య మొహం చిట్లించి, ఆ చేతిని చూసి, పాపని పక్కగదిలోకి పంపి తలుపు వేసింది.

"ఆ చెయ్యి పిల్ల మీద పడిందంటే ఊరుకోను. ముందు దాన్ని తీయండి."

"రావట్లేదే..."

"సబ్బు రాద్దాం, పట్టండి."

సబ్బు అనగానే ఆయనకి వాచీ తెచ్చిన ఆ కోడలి మాట బుర్రకెక్కింది. అంతకాలానికి ఎక్కింది. వద్దు అనబోయాడు. భార్య అప్పటికే ఆయన్ని స్నానాలగదిలోకి లాక్కెళ్లి, చేతిని తొట్టిలో ముంచి రుద్దుతోంది. తలుపు సందులోంచి వాన చప్పుడు. దానికంటే గట్టిగా, నీళ్లలోంచి, టిక్... టిక్... టిక్... వేడినీళ్లు తగిలేసరికి కంపు రేగింది. తీపి కంపు. మూసిన గదిలో పండ్లు మురిగిపోతే వచ్చేలాంటిది.

"లాగనా?" అంది ఆమె, ముక్కు భుజానికేసి రుద్దుకుంటూ.

"లాగు."

లాగింది. కదిలింది. ఇంకాస్త... చైనుతో పాటు చర్మం కదిలింది.

"ఆపు! ఆపవే!"

ఆగలేదు. జారడం మొదలైంది. తడి మేజోడు తీసినట్టు, మణికట్టు మీద నుంచి, అరచేతి మీద నుంచి, వేళ్ల మీద నుంచి... జుర్రుమని చప్పుడు చేస్తూ... గోళ్లతో సహా... మొత్తం ఊడి వచ్చేసింది. తపుక్కున తొట్టిలో పడింది.

ఆయన కళ్లు గట్టిగా మూసుకుని అరిచాడు. భార్య గోడకి ఆనుకుని భళ్లున వాంతి చేసుకుంది. ఎంతసేపటికీ నొప్పి మాత్రం రాలేదు.

"ఏవండీ..." ఆమె గుసగుసగా పిలిచింది. "మీ చెయ్యి... బాగానే ఉంది."

కళ్లు తెరిచాడు. తన చెయ్యే. సన్నగా, శుభ్రంగా, తడిగా ఉంది. చిన్న గీత కూడా లేదు.

"మరి అదెవరిది?" అన్నాడు.

ఇద్దరూ తొట్టిలోకి చూశారు. సబ్బు నురగలో తెల్లగా తేలుతోంది. ఒక చేతి ఆకారం. పసుపచ్చని మందపాటి గోళ్లు, తెల్ల వెంట్రుకలు. నీళ్లు కదలడం లేదు. దాని వేళ్లు మాత్రం... ఒక్కొక్కటే... విప్పుకుంటున్నాయి.

స్నానాలగది తలుపు మూసి బయట గడియ పెట్టారు. తెల్లవార్లూ పాపని మధ్యలో పడుకోబెట్టుకుని కూర్చున్నారు. పొద్దున తీసి చూస్తే తొట్టి అడుగున వాచీ ఒక్కటే ఉంది, నడుస్తూ. చర్మం లేదు. తూము గుండా కొట్టుకుపోయి ఉంటుందిలే అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ తూము మీద జల్లెడ ఉంది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

వాచీని పట్టకారుతో తీసి డబ్బాలో వేసి మూత బిగించాడు. సాయంత్రం బడి వదిలాక, షాపు బిల్లు పుస్తకంలో చిరునామా చూసుకుని, పాపని వెంటబెట్టుకుని ఆ కోడలి ఇంటికి వెళ్లాడు. పాపని గేటు దగ్గర నిలబెట్టి, మెట్లెక్కి తలుపు కొట్టాడు.

ఆమె తలుపు తీసింది.

"ఇదిగోనండి మీ మామగారిది. నాకొద్దు. డబ్బులూ వద్దు. ఆయన అడిగినట్టే, ఆయనకే చేర్చేయండి."

ఆమె ఏదో అనబోయింది. అంతలో ఆమె చూపు ఆయన ఎడమ భుజం పక్కకి జరిగింది. అక్కడే ఆగిపోయింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆయన చేతిలోంచి డబ్బా లాక్కుంది.

"మీకు దండం పెడతాను," అంది లోగొంతుకతో. "అందరూ వెళ్లిపోండి."

తలుపు ధడాలున పడింది. లోపల గడియ వేసిన చప్పుడు, ఆ వెంటనే ఏదో బరువైన సామాను తలుపుకి అడ్డం ఈడ్చిన చప్పుడు వినిపించాయి. పాపం, భయపడినట్టుంది అనుకున్నాడాయన. ఏమైతేనేం, పీడ వదిలింది. మెట్లు దిగుతుంటే ఒళ్లు దూదిపింజలా తేలికైంది. వాన వెలిసి రోడ్డంతా ఎండ పడుతోంది.

గేటు దగ్గర పాప ముందు గొంతుక్కూర్చుని ఎడమ చెయ్యి చాచాడు.

"చూడు బంగారం, వాచీ ఇచ్చేశాను. చెయ్యి శుభ్రంగా కడుక్కున్నాను. వాసన చూడు."

పాప వంగి వాసన చూసింది. మొహం వికసించింది. "ఇది నాన్న చెయ్యే!" అని ఆ అరచేతిలో ముద్దు పెట్టింది. ఆయనకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. లేచి నడక మొదలుపెట్టాడు. పాప మాత్రం చుట్టు తిరిగొచ్చి కుడి చెయ్యే పట్టుకుంది.

"ఇంకా భయమా తల్లీ? ఇటు రా, నీ పక్కకి రా."

పాప ఆయన మోకాళ్ల ముందు నుంచి వంగి అటువైపు చూసింది. చటుక్కున వెనక్కి తగ్గి ఆయన కాలికి అతుక్కుపోయింది.

"అటు ఖాళీ లేదు నాన్నా," అంది, ఎవరికో వినపడకూడదన్నట్టు.

ఆయన అడుగు ఆగిపోయింది. తల తిప్పాలనుకున్నాడు, మెడ తిరగలేదు. ఎదురుగా సంచులు మోసుకుంటూ ఒకావిడ వస్తోంది. కాలిబాట వెడల్పుగానే ఉంది. ఒక మనిషీ ఒక పిల్లా నడుస్తుంటే పక్కనుంచి సుళువుగా వెళ్లిపోవచ్చు. ఆవిడ తలెత్తి చూసింది. ఒక సంచి కింద పెట్టి, ముక్కు మూసుకుని, బాట దిగి రోడ్డు మీదకి జరిగింది. ముగ్గురికి దారి వదిలి నిలబడింది.